పాటలో ఈ గుయ్యిమనే గోల ఎక్కడిది?

ఈ శీర్షికలో ఇంతవరకూ మిక్సీ బుష్షులు, కుక్కరు గాస్కెట్లు, ఫ్యాను కెపాసిటర్లు, ఇస్త్రీ పెట్టె తీగలు అంటూ ఇంట్లో ఉండే వాటి గురించే ఎక్కువగా చెప్పుకున్నాం. ఈ వారం గుమ్మం దాటి బయట నిలబెట్టిన కారు దగ్గరికి వెళదాం. "కారు సంగతి మగవాళ్ళు చూసుకుంటారు లెండి" అని పేజీ తిప్పేయకండి. పిల్లల్ని స్కూల్లో దింపడానికీ, కూరగాయలకీ, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికీ కారు నడిపేది ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో మీరే. ఆ కారులో పాట పెడితే, పాటతో పాటు వచ్చే గుయ్యి శబ్దం వింటూ తల నొప్పి తెచ్చుకునేదీ మీరే!

గుంటూరు నుంచి ఒక సోదరి ఇలా రాశారు. "చీటీ పాడిన డబ్బులతో కారులో కొత్త స్టీరియో, డిక్కీలో ఆంప్లిఫయరు పెట్టించుకున్నాం. ఇంజను ఆపి వింటే పాట హాయిగా ఉంటుంది. స్టార్టు చేయగానే సన్నగా ఈల మొదలవుతుంది. యాక్సిలరేటరు తొక్కితే ఈల కూడా పైకెక్కుతుంది. పాట పూర్తిగా తగ్గించేసినా ఆ ఈల మాత్రం పోదు. బిగించిన షాపులో అడిగితే, అన్ని బళ్ళకీ ఉంటుందమ్మా అన్నారు. రెండోసారి వెళితే, స్పీకర్లు మార్చాలి, పన్నెండు వేలవుతుంది అంటున్నారు. మార్చమంటారా?"

వద్దమ్మా, ఇప్పుడే మార్చకండి. ఆ డబ్బు బీరువాలోనే ఉండనివ్వండి. మీ ఉత్తరంలో మీరు రాసిన ఆ నాలుగు వాక్యాల్లోనే రోగం ఎక్కడుందో చాలావరకూ తెలిసిపోతోంది. స్పీకరు పాడైతే పాట పాడేటప్పుడు చర్‌చర్‌మంటుంది, ముఖ్యంగా డోలు, తబలా లాంటి బరువైన శబ్దాలు వచ్చినప్పుడు. అంతేగానీ ఇంజను వేగంతో పాటు ఈల వేయదు. పాపం స్పీకరు, తనకు ఏది పంపితే దాన్నే పలుకుతుంది. పంపేది ఎవరో మనం కనిపెట్టాలి.

కందిపప్పులో రాళ్ళు ఏరినట్టు, ఒక్కొక్కటే పక్కకు పెట్టుకుంటూ వెళితే ఈ దొంగ దొరక్క మానదు. పరీక్షలన్నిటికీ కలిపి అరగంట చాలు. చాలావాటికి పానా, స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. రెండు చెవులు, ఒక కాగితం, పెన్సిలు ఉంటే సరిపోతుంది.

అసలు ఈ గోల ఎందుకు పుడుతుంది?

ఇంట్లో రేడియో మోగుతుండగా మిక్సీ వేస్తే గరగరమని శబ్దం రావడం మీకు తెలిసిందే. ట్యూబులైటు వెలిగేముందు మిణుకుమిణుకుమంటే రేడియో కూడా టకటకలాడేది. కరెంటు గబగబా ఆగి మళ్ళీ పారే చోటల్లా ఇలాంటి అల్లరి పుడుతుంది. అది కొంత తీగల గుండా ప్రయాణం చేస్తుంది, కొంత గాలిలో వ్యాపిస్తుంది.

మరి కారులో ఎన్ని ఉన్నాయో చూడండి. బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు ఒకటి (మన మెకానిక్కులు చాలామంది దీన్నే డైనమో అంటారు). పెట్రోలు మండించడానికి స్పార్కు ప్లగ్గుల్లో వేల వోల్టుల నిప్పురవ్వలు. వైపరు మోటారు, ఏసీ బ్లోయరు మోటారు, అద్దాలు ఎక్కించి దించే మోటార్లు, పెట్రోలు పంపు. ఇవిగాక మనం తగిలించేవి సెల్‌ఫోను చార్జరు, ముందు అద్దానికి అంటించే కెమెరా, ఎల్.ఇ.డి. దీపాలు. ఇన్నిటి మధ్య కూర్చుని ఒక సన్నని పాట వినాలంటే, పెళ్ళి పందిట్లో గుసగుసలు వినబోయినట్టే.

ఈ బాధ కొత్తదేమీ కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ అనే కంపెనీ 'మోటరోలా' పేరుతో కారు రేడియో తెచ్చినప్పుడు, కారులో రేడియో పెట్టడం కంటే ఇంజను గోల దానిలోకి రాకుండా చూడడమే పెద్ద పని అయింది. ఆ తర్వాత 1933లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు ఎఫ్.ఎం. పద్ధతికి పేటెంట్లు పొందాడు. పాత మీడియం వేవ్ రేడియోలో పాట, అల బలంలోని హెచ్చుతగ్గుల మీద ప్రయాణం చేస్తుంది. నిప్పురవ్వల గోల కూడా హెచ్చుతగ్గులే కనుక రెండూ కలిసిపోతాయి. ఎఫ్.ఎం.లో పాట, అల ఎంత వేగంగా ఊగుతోందన్న దాని మీద ప్రయాణం చేస్తుంది గనుక గోల అంత తేలిగ్గా అంటదు. అందుకే ఎఫ్.ఎం. అంత శుభ్రంగా వినిపిస్తుంది. ఇప్పటి విద్యుత్తు కార్లలో మోటారు అల్లరి భరించలేక కొన్ని కంపెనీలు మీడియం వేవ్ రేడియోను పెట్టడమే మానేశాయి.

ముందు చెవి పెట్టి వినండి

డాక్టరు నాడి చూసినట్టు, మనం ముందు శబ్దం ఎలాంటిదో గుర్తు పట్టాలి. కాగితం మీద రాసుకోండి.

ఈల లాంటి శబ్దం వస్తూ, యాక్సిలరేటరు తొక్కితే స్వరం పైకెక్కి, వదిలితే దిగుతోందా? అది ఆల్టర్నేటరు ఈల. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే ఆల్టర్నేటరు కరెంటులో సెకనుకు దాదాపు వెయ్యి చిన్న చిన్న అలలు ఉంటాయి. అవే చెవికి ఈలలా వినిపిస్తాయి.

టపటపమనో, చిటపటమనో వస్తూ, ఇంజను వేగంతో పాటు ఆ టపటపలు కూడా దగ్గరవుతున్నాయా? అది స్పార్కు ప్లగ్గుల వైపు నుంచి. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గు మామూలుగా సెకనుకు ఆరేడుసార్లు రవ్వ కొడుతుంది. మీది డీజిలు కారైతే స్పార్కు ప్లగ్గులే ఉండవు కనుక ఈ అనుమానం కొట్టేయండి.

ఇంజనుతో సంబంధం లేకుండా, వైపరు వేసినప్పుడో, బ్లోయరు తిప్పినప్పుడో, ఇండికేటరు వేసినప్పుడో మాత్రమే వస్తోందా? దొంగ ఆ మోటారో, ఆ స్విచ్చో.

ఎప్పుడూ ఒకే స్వరంతో జుయ్యిమని వస్తూ, చార్జరు పీకగానే పోతోందా? ఇక పేరు చెప్పక్కర్లేదు కదూ!

గుంతలో పడ్డప్పుడు మాత్రం టక్కుమని ఆగి మళ్ళీ వస్తోందా? ఎక్కడో తీగ వదులుగా ఉంది.

అరగంటలో ఆరు పరీక్షలు

కారును ఆరుబయట నిలపండి. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి సుమా. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. హ్యాండు బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. పిల్లల్ని కారు ముందూ వెనకా తిరగనివ్వకండి.

మొదటిది. ఇంజను స్టార్టు చేయకుండా, తాళం ఒక మెట్టు తిప్పి పాట పెట్టండి. ఇప్పుడే గోల ఉందంటే ఇంజనుకు, ఆల్టర్నేటరుకు సంబంధం లేదన్నమాట. స్టీరియో తీగల్లోనో, ఆంప్లిఫయరులోనో, ఫోనులోనో చూడాలి. ఇప్పుడు లేదంటే రెండో పరీక్షకు వెళ్ళండి.

రెండోది. ఇంజను స్టార్టు చేయండి. ఎవరినైనా కూర్చోబెట్టి యాక్సిలరేటరు కొంచెం తొక్కమనండి. మీరు పైన చెప్పినట్టు ఈలా, టపటపలా అన్నది తేల్చుకోండి.

మూడోది చాలా ముఖ్యం. ఇంజను నడుస్తుండగా స్టీరియో వాల్యూము పూర్తిగా తగ్గించేయండి. గోల కూడా తగ్గి పోయిందా? అయితే అది వాల్యూము మీటకు ముందే లోపలికి వస్తోంది. అంటే ఏరియల్ నుంచో, ఫోను నుంచో, చార్జరు నుంచో. వాల్యూము తగ్గించినా గోల అలాగే ఉందా? అయితే అది వాల్యూము మీట దాటిన తర్వాత, స్టీరియోకూ ఆంప్లిఫయరుకూ మధ్యనో, ఆంప్లిఫయరు దగ్గరో చేరుతోంది. ఈ ఒక్క పరీక్షతో సగం కారు వెతకడం తప్పిపోతుంది.

నాలుగోది. పాట వచ్చే దారి మార్చండి. ఎఫ్.ఎం. వినండి, తర్వాత పెన్ డ్రైవు, తర్వాత బ్లూటూత్. గోల ఎఫ్.ఎం.లోనే ఉండి తక్కిన వాటిలో లేకపోతే ఏరియల్ దారిని అనుమానించండి. ఫోనును తీగతో కలిపినప్పుడే ఉంటే ఆ తీగ, చార్జరు. అన్నిట్లోనూ ఉంటే కరెంటు తీగలు, ఎర్త్. ఒక మాట గుర్తుంచుకోండి. పెద్ద కరెంటు లైన్ల కిందో, ట్రాన్స్‌ఫార్మరు పక్కనో వెళ్ళినప్పుడు మాత్రమే ఎఫ్.ఎం. గరగరలాడితే ఆ దోషం మీ కారుది కాదు. వీధి చివర ఆపి ఇంకోసారి విని చూడండి.

అయిదోది. కారులో అదనంగా తగిలించినవన్నీ పీకేయండి. చార్జరు, కెమెరా, సీట్ల కింద రంగు దీపాలు, సిగరెట్ లైటరు బొక్కలో పెట్టే గాలి పంపు, అన్నీ. గోల పోయిందా? ఇప్పుడు ఒక్కొక్కటీ మళ్ళీ తగిలించండి. ఏది పెట్టగానే గోల మొదలైతే అదే దొంగ. అన్నీ ఒకేసారి పెట్టారో, మళ్ళీ మొదటికొస్తుంది.

ఆరోది ఆంప్లిఫయరు ఉన్నవాళ్ళకు మాత్రమే. ఇంజను, స్టీరియో రెండూ ఆపి, డిక్కీలోని ఆంప్లిఫయరుకు స్టీరియో నుంచి వచ్చే పాట తీగలు (తెలుపు, ఎరుపు మూతులుంటాయి) పీకండి. ఇప్పుడు మళ్ళీ స్టార్టు చేయండి. పాట రాదు సరే, ఈల వస్తోందా? వస్తే తప్పు ఆంప్లిఫయరుది, లేదా దాని కరెంటు తీగది, ఎర్త్‌ది. రాకపోతే ఆ పాట తీగలు గోలను మోసుకొస్తున్నాయి. పరీక్ష అయ్యాక మళ్ళీ అన్నీ ఆపాకే తీగలు పెట్టండి. నడుస్తుండగా పెడితే స్పీకర్లలో ధడేలుమంటుంది.

ఎక్కువసార్లు దొరికే దొంగ: ఎర్త్

పెద్ద స్టీరియోలు, ఆంప్లిఫయర్లు బయట బిగించుకున్న కార్లలో వచ్చే ఈలకు ఎక్కువగా కారణం చెడ్డ ఎర్తే. ఇది కొంచెం అర్థం చేసుకుంటే ఇక మెకానిక్కు మీకు కథలు చెప్పలేడు.

ఇంట్లో అయితే కరెంటు ఒక తీగలో వచ్చి ఇంకో తీగలో తిరిగి వెళుతుంది. కారులో రావడానికి తీగ ఉంటుంది గానీ, తిరిగి వెళ్ళడానికి కారు ఇనుప ఒళ్ళే దారి. బ్యాటరీ నెగటివు ఆ ఒంటికి కట్టేసి ఉంటుంది. దీపాలూ, మోటార్లూ, ఆల్టర్నేటరూ అన్నీ ఆ ఇనుములోనే కరెంటు వదులుతాయి. వాడల్లోని ఇళ్ళన్నీ ఒకే కాలవలోకి నీళ్ళు వదిలినట్టన్నమాట. కాలవ ఒక చోట నిండుగా, ఒక చోట ఖాళీగా ఉన్నట్టే, ఇనుములో కూడా ముందు భాగానికీ, డిక్కీకీ మధ్య ఎంతో కొంత వోల్టేజి తేడా ఉంటుంది. అది చాలా కొద్దే. కానీ స్టీరియో నుంచి ఆంప్లిఫయరుకు వెళ్ళే పాట కరెంటు కూడా కొద్దిదే. స్టీరియో ముందు ఒక చోట ఎర్త్ చేసి, ఆంప్లిఫయరు వెనక ఇంకో చోట ఎర్త్ చేస్తే, ఆ తేడా పాట తీగల గుండా పారి పాటతో కలిసిపోతుంది. ఆంప్లిఫయరు దాన్ని కూడా పెద్దది చేసి వినిపిస్తుంది. దీన్నే మెకానిక్కులు 'ఎర్త్ లూప్' అంటారు.

ఎర్త్ తీగ బిగించిన చోట రంగు గీకకపోయినా, నట్టు వదులైనా, తుప్పు పట్టినా ఈ తేడా పెరుగుతుంది. అందుకే చూడవలసినవి ఇవీ:

1. ఆంప్లిఫయరు ఎర్త్ తీగ పొట్టిగా ఉండాలి. అడుగున్నరకు మించకపోతే మంచిది. కరెంటు తెచ్చే ఎర్ర తీగ ఎంత లావుందో ఇదీ అంతే లావుండాలి. తెచ్చేది పెద్ద పైపు, తీసుకెళ్ళేది చిన్న పైపు అయితే ఎలా?

2. బిగించిన చోట రంగు పూర్తిగా గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, రింగు పెట్టి గట్టిగా బిగించాలి. పైన కొంచెం వాజలైను రాస్తే తుప్పు పట్టదు.

3. సీటు బెల్టు బోల్టుకు ఎర్త్ కట్టించుకోకండి. కొందరు తేలిగ్గా ఉంటుందని అలా కడతారు. ఆ బోల్టు మీ ప్రాణానికి కాపలా. దాన్ని ఇంకో పనికి వాడకూడదు.

4. స్టీరియో ఎర్త్ కూడా అలాగే శుభ్రంగా ఉండాలి.

ఎర్త్ బాగుచేయడానికి అయ్యే ఖర్చు, మూడు మూరల తీగ, ఒక రింగు, గంట కూలి. కొత్త స్పీకర్లతో పోలిస్తే ఎంత తేడానో చూడండి.

రెండో దొంగ: పక్కపక్కనే పరుగెత్తే తీగలు

బ్యాటరీ నుంచి డిక్కీకి వెళ్ళే లావు ఎర్ర తీగ, స్టీరియో నుంచి వెళ్ళే సన్నని పాట తీగలు, రెండింటినీ ఒకే వైపు, ఒకే కట్టగా తివాసీ కింద లాగేస్తారు కొందరు. ఒకే డబ్బాలో ఇంగువ, పాల పొడి పెడితే ఏమవుతుంది? అదే ఇక్కడా అవుతుంది. లావు తీగలోని అల్లరి సన్న తీగలకు అంటుకుంటుంది. ఎర్ర తీగ ఎడమ వైపు నుంచి వెళితే పాట తీగలు కుడి వైపు నుంచి వెళ్ళాలి. ఎక్కడైనా దాటక తప్పకపోతే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటాలి, పక్కపక్కన నడవకూడదు. మామూలుగా ఎక్కడెక్కడ తీగలు పెట్టారో తివాసీ అంచు కొద్దిగా ఎత్తి చూస్తే మీకే కనిపిస్తుంది.

ఆ ఎర్ర తీగ చూసేటప్పుడే బానెట్ ఎత్తి ఇంకో సంగతి చూడండి. బ్యాటరీకి అడుగున్నర దూరంలోపల ఆ తీగకు ఫ్యూజు ఉందా? లేకపోతే గోల సంగతి తర్వాత, ముందు ఆ పని చేయించండి. ఆ తీగ ఎక్కడైనా ఇనుముకు ఒరుసుకుని పై తొడుగు చిరిగితే, ఫ్యూజు లేని తీగ ఎర్రగా కాలి కారుకే నిప్పంటుకుంటుంది. పాట బాగుండకపోతే తల నొప్పితో పోతుంది. ఇది అలా కాదు. అందులో మీ పిల్లలు ఎక్కుతారు.

చిల్లర దొంగలు

సెల్‌ఫోను చార్జరు 12 వోల్టులను 5 వోల్టులు చేయడానికి కరెంటును సెకనుకు వేల, లక్షల సార్లు ఆపి వదులుతుంది. మంచి చార్జరులో ఆ అల్లరి బయటికి రాకుండా లోపల కట్టుదిట్టం చేస్తారు. రోడ్డు పక్కన చవగ్గా కొన్న వాటిలో ఆ భాగాలే మిగుల్చుకుంటారు. చార్జరు పెట్టగానే ఎఫ్.ఎం. స్టేషను మసకబారితే చార్జరు మార్చేయండి, అంతే. ఎల్.ఇ.డి. దీపాలకూ ఇదే మాట.

ఫోనును ఒక తీగతో స్టీరియోకు కలిపి, ఇంకో తీగతో చార్జింగు పెడితే ఈల వచ్చి, చార్జింగు పీకగానే పోతోందా? ఇదీ ఎర్త్ లూపే. పాట తీగ మధ్యలో పెట్టడానికి 'గ్రౌండ్ లూప్ ఐసోలేటర్' అనే చిన్న డబ్బా ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. లేదా నేరుగా స్టీరియోలోనే బ్లూటూత్ ఉంటే దానితో వినండి, తీగ గొడవే ఉండదు. అయితే ఆంప్లిఫయరు ఈలకు కూడా ఈ డబ్బానే పెట్టి చేతులు దులుపుకునే వాళ్ళున్నారు. ఎర్త్ బాగుచేయకుండా ఇది పెట్టడం, చెత్త తివాసీ కిందకి ఊడ్చినట్టే.

ఎఫ్.ఎం.లో మాత్రమే టపటపలు వస్తుంటే, కారు పైకప్పు మీద ఏరియల్ మరను తిప్పి బిగించండి. దాని అడుగున తుప్పు పడితే ఎర్త్ పోయి ఇంజను గోల లోపలికి వస్తుంది. వెనకాల స్టీరియోలోకి దూర్చే ఏరియల్ తీగ వదులైనా అంతే. అవి బాగున్నా టపటపలు పోకపోతే స్పార్కు ప్లగ్గులు, వాటి తీగలు చూడమనండి. గోల అణచడానికి రెసిస్టరు ఉన్న ప్లగ్గులుంటాయి. సర్వీసులో పొరపాటున వేరే రకం పెడితే, లేదా పాత తీగలు బీటలు వారితే రేడియో వెంటనే చెప్పేస్తుంది.

ఏమీ మార్చకుండానే కొత్తగా ఈల మొదలైతే

ఈ మాట మాత్రం ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఏళ్ళ తరబడి బాగా పాడుతున్న స్టీరియో. మీరు కొత్తగా ఏదీ తగిలించలేదు. ఒక రోజు నుంచి ఈల మొదలైంది. అప్పుడది స్టీరియో జబ్బు కాకపోవచ్చు, ఆల్టర్నేటరు జబ్బు కావచ్చు.

ఆల్టర్నేటరులో మామూలుగా ఆరు డయోడ్లుంటాయి. ఇటూ అటూ ఊగే కరెంటును ఒకే వైపు పారేటట్టు చేసేవి అవే. అందులో ఒకటి పోయినా కారు నడుస్తుంది, మీకు తేడా తెలియదు. కానీ కరెంటులో అలలు పెరిగి ఈల వస్తుంది. బ్యాటరీ సరిగా నిండదు. పొద్దున్నే సెల్ఫు నీరసంగా తిరుగుతుంది. హెడ్‌లైట్లు ఇంజను వేగంతో పాటు వణుకుతాయి. పట్టించుకోకపోతే ఏదో ఒక రాత్రి ఊరికీ ఊరికీ మధ్య, పిల్లలతో ఉన్నప్పుడు, దీపాలతో సహా ఆగిపోతుంది. ముందుగా హెచ్చరించిన ఈలను పాట గట్టిగా పెట్టి ముంచేస్తే నష్టం మనకే.

ఆటో ఎలక్ట్రీషియను దగ్గర మీటరుంటుంది. ఇంజను ఆపి చూస్తే మంచి బ్యాటరీ పన్నెండున్నర వోల్టుల చుట్టూ చూపాలి. ఇంజను నడుస్తుంటే మామూలుగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరు దీన్ని హెచ్చించి తగ్గిస్తూ ఉంటుంది, కంగారు పడకండి. డయోడ్ల పరీక్ష కూడా చేయమని విడిగా అడగండి. "వోల్టులు బాగున్నాయమ్మా" అన్నంత మాత్రాన డయోడ్లు బాగున్నట్టు కాదు.

బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగానో, పచ్చగానో బూజులా పేరుకున్నా ఇలాంటి తిప్పలే. దీనికి మందు మీ వంటింట్లో ఉంది. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి, పాత టూత్ బ్రష్షుతో రుద్దితే బుసబుసా పొంగి శుభ్రపడుతుంది. ఇంజను ఆపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ముందు నెగటివు తీగ విప్పండి. బిగించేటప్పుడు నెగటివు చివర. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి దిగనివ్వకండి. తడి తుడిచి బిగించాక పైన వాజలైను రాయండి. బ్యాటరీ విప్పితే కొన్ని స్టీరియోలు మళ్ళీ నంబరు అడుగుతాయి. ఆ నంబరున్న కార్డు ముందే వెతికి పెట్టుకోండి.

గుంటూరు సోదరికి

మీ ఈల ఇంజనుతో వస్తోంది, యాక్సిలరేటరుతో ఎక్కుతోంది, వాల్యూము తగ్గించినా పోవడం లేదు. అంటే అది ఆంప్లిఫయరు వైపున చేరుతున్న ఆల్టర్నేటరు ఈల. పైగా కొత్త సెట్టు బిగించాకే మొదలైంది. కనుక ముందు చూడవలసింది డిక్కీలో ఆంప్లిఫయరు ఎర్త్, రెండోది తీగలు ఏ వైపు నుంచి లాగారు అన్నది. ఆరో పరీక్ష చేసి ఏది తప్పో తేల్చుకోండి. అవి రెండూ బాగుంటే అప్పుడు ఆల్టర్నేటరు చూపించండి. స్పీకర్ల దాకా వెళ్ళే అవసరం రాకపోవచ్చు. బిగింపు పని కొత్తది కనుక ఎర్త్ సరిచేయడానికి డబ్బు అడిగే హక్కు కూడా ఆ షాపుకు లేదు. బిల్లు పట్టుకుని వెళ్ళండి.

మీరు చేయకూడనివి

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి ఆల్టర్నేటరును పరీక్షించే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. పాత బళ్ళ రోజుల్లో చెల్లిందేమో గానీ, ఇప్పటి కార్లలో కంప్యూటరు పెట్టె కాలిపోవచ్చు. చేయనివ్వకండి.

బానెట్ ఎత్తి ఇంజను నడుపుతుంటే పమిట చెంగు నడుముకు దోపండి, చున్నీ తీసేయండి, జడ ముడి వేసుకోండి. బెల్టు, ఫ్యాను దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. ఇంజను ఆపినా ఫ్యాను దానంతటది తిరగవచ్చు.

స్టీరింగు చుట్టుపక్కల పసుపు తొడుగున్న తీగలు కనిపిస్తే అవి ఎయిర్ బ్యాగువి. విద్యుత్తు కార్లలో, హైబ్రిడ్లలో నారింజ రంగు తీగలు ప్రాణాంతకమైన వోల్టేజివి. రెండింటినీ ముట్టుకోవద్దు. కారు ఇంకా వారంటీలో ఉంటే తీగలు కోయించకముందు కంపెనీ సర్వీసు వాళ్ళను ఒక మాట అడగండి.

మెకానిక్కు దగ్గరికి వెళ్ళేటప్పుడు

"తమ్ముడూ, స్టీరియోలో సౌండు వస్తోంది, చూడు" అంటే అతను ఏది తోస్తే అది మారుస్తాడు. అందుకని మీరు రాసుకున్న కాగితం చేతికివ్వండి. "ఇంజను ఆపితే లేదు. స్టార్టు చేస్తే ఈల. వాల్యూము తగ్గించినా ఉంది. బ్లూటూత్‌లోనూ ఉంది. చార్జరు పీకినా ఉంది. ముందు ఎర్త్ చూడు, తర్వాత మాట్లాడదాం" అనండి. పని తెలిసిన మనిషైతే మీకు దండం పెట్టి నేరుగా పనిలోకి దిగుతాడు, అతనికీ గంట ఆదా. తెలియనివాడైతే మొహం చూస్తేనే తెలిసిపోతుంది, కారు వెనక్కి తిప్పుకోండి. ఏదైనా మార్చాలంటే ఒకసారికి ఒక్కటే మార్చమనండి. మార్చాక అక్కడే స్టార్టు చేసి విని, గోల పోయిందని తేలాకే డబ్బివ్వండి. తీసేసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి.

ఈ ఆదివారం ఒక అరగంట కారులో కూర్చుని ఆరు పరీక్షలూ చేసి చూడండి. దొంగ ఎవరో తేలాక ఏం దొరికిందో, ఎంత ఖర్చయిందో ఒక కార్డు ముక్క రాయండి. మీ అనుభవం ఇంకో నలుగురికి పనికొస్తుంది. వచ్చే వారం ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైతే కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతుందో చెప్పుకుందాం.